మంగళవారం పొద్దున ఎనిమిదీ నలభై నాలుగు

కామారెడ్డి జిల్లా డోంగ్లిలో ఎనభైకి దగ్గరపడ్డ పెద్దమనిషి ఎవరైనా అరుగు మీద కనబడితే పుట్టినతేదీ ఏమిటని అడగకండి. "ఎప్పుడు పుట్టినవ్ తాతా?" అని అడగండి. "రజాకార్ల గడబిడ అయిన యేడు మా అమ్మ సంకల ఉంటిని బిడ్డా" అంటాడు. లెక్క తేలిపోతుంది. ఆ గడబిడను ముగించిన పోలీస్ యాక్షన్ 1948 సెప్టెంబర్‌లో. అప్పటికి చంకలో ఉన్నాడంటే ఏడాది పిల్లాడో, ఏడాదిన్నర పిల్లాడో. అంటే 1947కు కాస్త అటూ ఇటూ.

మనిషికి ఈ మాత్రం చాలు. కంప్యూటర్‌కు చాలదు. రోజు, నెల, సంవత్సరం అని మూడు గళ్ళు పెడుతుంది. మూడూ నింపితే గానీ ముందుకు కదలదు. ఆధార్ కొత్తలో కాగితం లేని పెద్దలు నోటితో చెప్పిన వయసును బట్టి సంవత్సరం ఒకటి వేశారు. ఆ తరువాత ఎక్కడ రోజూ నెలా అడిగితే అక్కడ జనవరి 1 తగిలించుకుంటూ పోయారు. అందుకే మన పల్లెల్లో ఇంతమంది ముసలివాళ్ళు కొత్త సంవత్సరం నాడే పుట్టారు! నవ్వుకునే సంగతే గానీ, రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ళ వాళ్ళకే. కార్డులో వయసు రెండేళ్ళు ఎక్కువ పడ్డ రైతు అసలు వయసు యాభై ఎనిమిది అయినా, ఆ ఇంటికి 5 లక్షల బీమా లేదు. తేదీ అంటే గోడ మీద కాయితం కాదని డోంగ్లి వాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇది మనిషి తేదీ కంప్యూటర్‌లో తప్పుపడ్డ ముచ్చట. ఈ వేళ మీతో చెప్పుకోవాలనుకున్నది కంప్యూటర్ తన తేదీనే తాను పోగొట్టుకునే ముచ్చట. అది ఏ రోజు, ఏ గంటకు, ఏ సెకనుకు జరగబోతుందో ముందే తెలుసు. భూకంపానికీ వరదకూ లేని మర్యాద ఇది.

మీ పాత ఫోన్ ఎప్పుడైనా పూర్తిగా చచ్చిపోయి మళ్ళీ లేచినప్పుడు తేదీ 1970 జనవరి 1 అని చూపించిందా? అది దానికి పుట్టినరోజు లాంటిది. అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే ఇద్దరు యూనిక్స్ అనే వ్యవస్థను తయారు చేశారు. ఇవాళ ప్రపంచంలో సగానికి పైగా యంత్రాల్లో దాని వంశమే నడుస్తోందంటే అతిశయోక్తి కాదు. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ కూడా ఆ ఇంటిదే. ఆ వంశాచారం ప్రకారం యంత్రం తేదీని తేదీగా గుర్తు పెట్టుకోదు. 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో ఆ అంకె ఒక్కటే దాచుకుంటుంది. మీరు అడిగినప్పుడు ఆ సెకన్లను రోజులుగా, నెలలుగా విడగొట్టి చూపిస్తుంది.

మొదట్లో వాళ్ళు సెకన్లు కూడా కాదు, సెకనులో అరవయ్యో వంతులు లెక్కపెట్టారు. అలా లెక్కపెడితే అంకెకు ఇచ్చిన చోటు రెండేళ్ళ పైచిలుకుకే నిండిపోయేది. లెక్క మొదలయ్యే రోజును మార్చుకుంటూ కొంతకాలం నెట్టుకొచ్చి, చివరికి సెకన్లకు దిగారు. ఆ అంకెకు ఇచ్చిన చోటు 32 బిట్లు. ప్లస్సో మైనస్సో చెప్పడానికి ఒక బిట్ పోగా, మిగిలిన దాంట్లో పట్టే పెద్ద అంకె 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. చాలా పెద్దదిగానే కనబడింది. అరవై ఎనిమిదేళ్ళు వస్తుంది. అప్పటికి ఈ యంత్రాలు ఎవరు వాడతారులే అనుకున్నారు.

ఆ అంకె నిండేది 2038 జనవరి 19న, మన గడియారం ప్రకారం పొద్దున 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు. మంగళవారం. పింగళ నామ సంవత్సరం, సంక్రాంతి వెళ్ళి నాలుగైదు రోజులు. డోంగ్లిలో జనం మద్నూర్ బస్సు కోసం నిలబడే వేళ. ఆ తరువాతి సెకనుకు, బాగుచేయని యంత్రంలో అంకె నిండి, ప్లస్ కాస్తా మైనస్ అయి, తేదీ 1901 డిసెంబర్‌లోకి పడిపోతుంది. మన లెక్కన 14వ తేదీ, అర్ధరాత్రి దాటి రెండుంబావు. అంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఏలుబడి. ప్లవ నామ సంవత్సరం. సర్కారు కాగితాల్లో ఫసలీ 1311. అప్పు ఇచ్చిన యంత్రం అలా పడిపోతే మీ బాకీ నూట ముప్పై ఏళ్ళ పైచిలుకు తరువాత కట్టాలనవచ్చు. మీ వయసు లెక్కగట్టే యంత్రం పడిపోతే మీరింకా పుట్టనే లేదనవచ్చు.

"ఇలాంటి కథ ఇంతకుముందు ఒకటి విన్నాం, వై టూ కే అన్నారు, విమానాలు రాలిపోతాయన్నారు, ఏదీ రాలలేదు" అని మీరు అనబోతున్నారు. అనండి. ఈ మాట కోసమే కాచుకుని కూచున్నాను.

వై టూ కే చిక్కు మరో రకం. పూర్వం కంప్యూటర్‌కు సమాచారం ఇచ్చే అట్టముక్కలకు 80 గళ్ళే ఉండేవి. మెమరీ బంగారం ధర. 1965 అని నాలుగు గళ్ళు ఖర్చు పెట్టడం దేనికి, 65 అంటే సరిపోతుంది అనుకున్నారు. ఆ అలవాటే బ్యాంకులకూ, బీమా కంపెనీలకూ పాకింది. 99 తరువాత 00 వస్తే యంత్రం దాన్ని 1900 అనుకుంటుంది. ఐబీఎంలో పనిచేసిన బాబ్ బీమర్ అనే ఆయన 1971లోనూ, 1979లోనూ దీన్ని గురించి రాసి హెచ్చరించాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. అప్పటికింకా ఇరవై ఏళ్ళ టైముంది మరి!

అరవై ఏళ్ళకొకసారి తిరిగొచ్చే పేర్లతో సంవత్సరాలు లెక్కపెట్టే జాతికి ఈ చిక్కు తెలియనిది కాదు. ప్రభవలో పుట్టానంటే 1927 కావచ్చు, 1987 కావచ్చు. మనిషి ఎదురుగా ఉంటే తెల్లజుట్టు చూసి పోల్చుకుంటాం. మనిషి పోయాక? దీనికి మన పెద్దలు ఏం చేశారో చూడాలంటే హనుమకొండ వెళ్ళి వెయ్యి స్తంభాల గుడిలో కాకతీయ రుద్రదేవుడి శాసనం చూడండి. శక సంవత్సరం 1084 అని అంకె. చిత్రభాను అని సంవత్సరం పేరు. మాఘ శుద్ధ త్రయోదశి అని తిథి. శనివారం అని వారం. ఒక్క తేదీని నాలుగు విధాల చెక్కించారు. ఒకటి చెరిగిపోతే మరొకటి, ఒకటి తప్పితే మరొకటి పట్టిస్తాయి. అందువల్లే శాసనాలు చదివే పండితులు దాన్ని క్రీస్తుశకం 1163 జనవరి 19 అని రోజుతో సహా తేల్చగలిగారు. అవును, అదీ జనవరి 19నే. కాకతాళీయం, జ్యోతిషం వెతక్కండి. రాతి మీద ఉలితో చెక్కే అక్షరం కన్నా ఖరీదైన మెమరీ ఏముంటుంది? అయినా శిల్పి రెండు అంకెలు మిగుల్చుకోవాలనుకోలేదు.

మిగుల్చుకున్న ఆ రెండంకెలే తరువాత తెలుగువాళ్ళకు అన్నం పెట్టాయి. 1990ల చివర్లో అమెరికా బ్యాంకులకు ఉన్నట్టుండి కోబాల్ తెలిసిన వాళ్ళు కావలసి వచ్చారు. అప్పటికే పాతబడిన భాష అది. అక్కడి కుర్రవాళ్ళు నేర్చుకోవడం మానేశారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ బోర్డులు వేలాడాయి. కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2. సివిల్ చదివిన వాడూ, మెకానికల్ చదివిన వాడూ నాలుగు నెలలు కూచుని నేర్చుకుని విమానం ఎక్కాడు. హెచ్1బీ వీసాల పరిమితిని అమెరికా 65 వేల నుంచి 1 లక్షా 15 వేలకు పెంచింది. 1998 నవంబర్ 22న వాజపేయి హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. సత్యం లాంటి కంపెనీలు ఈ పని మీదే పెద్దవయ్యాయి. ఈ మనుషుల ఎగుమతి మీద షియాంగ్ బియావో అనే చైనా పరిశోధకుడు హైదరాబాద్‌లోనూ, సిడ్నీలోనూ తిరిగి పుస్తకమే రాశాడు, 2007లో వచ్చింది. కన్సల్టెన్సీలు, బెంచీ మీద కూచోబెట్టడాలు, పెళ్ళి సంబంధాల బేరాలు, కట్నాలు అన్నీ అందులో ఉన్నాయి. ఏ తెలుగింటికీ కొత్త సంగతులు కావవి.

ఆ కుర్రాళ్ళు చేసిన పనేమిటో తెలుసా? వేరేవాళ్ళు ఎప్పుడో రాసిన లక్షల వరుసల్లో తేదీ ఎక్కడెక్కడ దాక్కుందో వెతకడం. దొరికిన చోట రెండు గళ్ళను నాలుగు చేయడం. చేయడానికి వీల్లేని చోట, ఫలానా అంకె కంటే తక్కువైతే రెండు వేలు, ఎక్కువైతే పందొమ్మిది వందలు అనుకో అని యంత్రానికి నచ్చజెప్పడం. మార్చిన ప్రతిదాన్నీ మళ్ళీ పరీక్షించడం. గార్ట్‌నర్ సంస్థ ప్రపంచం మొత్తం మీద ఈ పనికి 30 వేల కోట్ల నుంచి 60 వేల కోట్ల డాలర్లు అవుతుందని అంచనా వేసింది. 2000 జనవరి 1న తెల్లవారింది, దీపాలు వెలిగాయి, అంతా కలిసి "ఓస్, ఇంతేనా!" అన్నారు. కట్ట తెగకుండా రాత్రంతా మట్టి పోసినవాళ్ళను పొద్దున్నే "వరదేదీ?" అని అడిగినట్టుంది. పని చేసిన చోట ఏమీ జరగలేదు. చేయని చోట జరిగింది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఒక ఆసుపత్రి కంప్యూటర్ గర్భిణుల వయసును తప్పుగా కట్టి, 150 మందికి పైగా ఆడవాళ్ళకు పుట్టబోయే బిడ్డ ఆరోగ్యం గురించి తప్పు ఫలితాలు ఇచ్చింది. వాళ్ళ దగ్గర "ఏమీ కాలేదు" అనగలమా?

ఆ తరువాత కూడా ఇవి ఆగలేదు. 2010 జనవరిలో జర్మనీలో సుమారు 3 కోట్ల బ్యాంకు కార్డులు కొత్త సంవత్సరాన్ని చదవలేక మొరాయించాయి. 2024 ఫిబ్రవరి 29న న్యూజిలాండ్‌లో పెట్రోలు బంకులు ఆగిపోయాయి. లీపు సంవత్సరం వస్తుందని చెల్లింపు యంత్రానికి ఎవరూ చెప్పలేదట. ఇక మన 214 కోట్ల అంకె ఎన్ని వేషాలు వేసిందో! 2014లో గంగ్నమ్ స్టైల్ పాటను అంతకంటే ఎక్కువసార్లు చూసేసరికి యూట్యూబ్ తన లెక్క పెట్టెను పెద్దది చేసుకుంది. బోయింగ్ 787 విమానంలో కరెంటు పుట్టించే జనరేటర్ల కంట్రోల్ యూనిట్లు సెకనులో నూరో వంతులు లెక్కపెట్టేవి. 248 రోజులు ఆపకుండా ఆన్‌లో ఉంటే అదే అంకె నిండి అవి ఆగిపోగలవని 2015లో అమెరికా విమానయాన శాఖ ఆదేశం జారీ చేసింది. 2022 జనవరి 1న మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ అనే మెయిల్ సర్వర్లలో ఉత్తరాలు కదలకుండా కూచున్నాయి. తేదీని 220101 తో మొదలయ్యే పది అంకెలుగా రాసుకుంటున్నారు, అది 220 కోట్లు దాటింది, పెట్టెలో పట్టలేదు.

2038 ఇంకా దూరంలో ఉందని నిశ్చింతగా ఉన్నారా? రాబోయే తేదీలను ముందే రాసుకునే యంత్రానికి అది ఎప్పుడో వచ్చేసింది. 2006 మే నెలలోనే కొన్ని వెబ్ సర్వర్లు ఎందుకో తెలియకుండా కూలిపోయాయి. ఏదో ఒక పనికి గడువును వంద కోట్ల సెకన్లు అని పెట్టి ఉంచారు. అప్పటి టైముకు వంద కోట్లు కలిపితే 2038 దాటింది. మన ఇళ్ళలోకి రండి. ఆడపిల్ల పేర సుకన్య సమృద్ధి ఖాతా తెరిస్తే 21 ఏళ్ళకు చేతికొస్తుంది. 2018లో తెరిచిన ఖాతా 2039లో. అంటే ఆ తేదీని పోస్టాఫీసు కంప్యూటర్ 2018లోనే రాసుకోవలసి వచ్చింది, రాసుకుంది. పెద్ద సంస్థలు ఈ దారిలో ఇప్పటికే నడిచాయని దీన్నిబట్టి తెలుస్తోంది. ఇరవై ఏళ్ళ ఇంటి అప్పులూ అంతే. కుసుమ్ పథకం కింద పొలంలో సోలార్ ప్లాంటు పెట్టి 25 ఏళ్ళు కరెంటు అమ్ముతానని 2025లో సంతకం చేసిన రైతు ఒప్పందం 2050 దాకా పోతుంది.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు కనుక బాగుపడ్డ సంగతులూ చెబుతాను. ఇప్పటి కొత్త ఫోన్లు, కంప్యూటర్లు దాదాపు అన్నీ సెకన్లను 64 బిట్లలో లెక్కపెడతాయి. ఆ చోటు నిండడానికి 29 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది. సూర్యుడే ఉండడు, ఇక ఈఎంఐ ఎవరు కట్టాలి? పాత 32 బిట్ల యంత్రాలకు కూడా యూనిక్స్ వంశపు లైనక్స్ గుండెకాయను 2020లో వచ్చిన 5.6 కూర్పుతో సరిచేశారు. డెబియన్ అనే లైనక్స్ పంపిణీలో స్వచ్ఛంద కార్యకర్తలు వేల ప్యాకేజీలను మళ్ళీ కట్టి 2025లో పని చాలావరకు ముగించారు. పేరు తెలియని మనుషులు, చప్పట్లు లేని పని. అమీర్‌పేట కుర్రాళ్ళ పని లాంటిదే.

మిగిలిందల్లా చిన్న డబ్బాలు. ఎవరూ కంప్యూటర్ అని పిలవని కంప్యూటర్లు. డోంగ్లి 2022లో మండలమైంది; అంతకుముందు మద్నూర్ మండలంలో ఊరు. పత్తి, సోయా, కంది పండే నేల. తెలుగు, మరాఠీ, కన్నడ మూడూ వినబడే జుక్కల్ నియోజకవర్గం. ఇలాంటి చోట ఎన్ని చిన్న డబ్బాలున్నాయో చూడండి. పత్తి బండి ఎక్కే కాంటా తేదీతో చీటీ కొడుతుంది. రేషన్ దుకాణంలో వేలిముద్ర తీసే మిషన్ ఉంది. సబ్‌స్టేషన్‌లో రిలే ఉంది. దుకాణం గోడ మీద సీసీ కెమెరా రికార్డర్ ఉంది. బోరు దగ్గర టైమర్ పెట్టిన స్టార్టర్ ఉంది. వీటిలో ఏది 2038 దాటుతుందో, ఏది దాటదో పై నుంచి చూసి ఎవరూ చెప్పలేరు. తయారు చేసినవాడికే తెలియాలి. వాడి కంపెనీ అప్పటికి ఉంటుందో లేదో చెప్పలేం. హైదరాబాద్‌లోని బ్యాంకు సర్వర్‌ను బాగుచేయడానికి వంద మంది ఇంజనీర్లు ఉంటారు. డోంగ్లి కాంటాను బాగుచేయడానికి మద్నూర్ నుంచి మెకానిక్ రావాలి. వచ్చినా వాడి చేతిలో స్క్రూడ్రైవరే ఉంటుంది గానీ, లోపలి ప్రోగ్రాం ఉండదు.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. ఈ ప్రాంతపు కాగితాలు ఇప్పటికే చాలా కాలాలు దాటాయి. నిజాం నాటి పహాణీల్లో ఫసలీ సంవత్సరాలు. 590 కలిపితే గానీ క్రీస్తుశకం రాదు. పక్కనున్న బిచ్కుంద, జుక్కల్ 1956 దాకా నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోవి. నిజామాబాద్ జిల్లా నుంచి విడిపోయి 2016లో కామారెడ్డి జిల్లా వచ్చింది. భూముల లెక్క 2020లో ధరణిలోకి, 2025లో భూభారతిలోకి మారింది. రాజ్యాలు మారినా, తాలూకాలు మారినా, పోర్టళ్ళు మారినా తగాదా వచ్చిన రోజున అందరూ వెతికేది 1954-55 నాటి ఖాస్రా పహాణీ కోసమే. కంప్యూటర్ వద్దని అనడం లేదు. దాని జ్ఞాపకానికి తోడు మన దగ్గర కూడా ఒక జ్ఞాపకం ఉండాలంటున్నాను, రుద్రదేవుడి శాసనం ఒకే తేదీకి నాలుగు సాక్ష్యాలు పెట్టుకున్నట్టు.

కాబట్టి మీకు నాలుగు మాటలు. ఆధార్‌లో పుట్టినతేదీ తప్పుంటే, చేతిలో కాగితం ఉంటే, ఇప్పుడే సరిచేయించుకోండి. అవసరం పడ్డ రోజున ఎవరూ సరిచేయరు. పాస్‌బుక్, అప్పు ఒప్పందం, బీమా పత్రం ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకోకుండా ఏడాదికొకసారి కాగితం మీద తీసి పెట్టుకోండి. పదిహేనేళ్ళు, ఇరవై ఏళ్ళు వాడాల్సిన మిషన్ ఏది కొన్నా, 2038 జనవరి తరువాత తేదీ పెట్టి చూపించమని అమ్మేవాణ్ణి అడగండి. చూపించలేకపోతే కొనకండి. సర్పంచులకూ, మార్కెట్ కమిటీల వాళ్ళకూ నా మనవి: సర్కారు డబ్బుతో మీటర్లు, కాంటాలు, కెమెరాలు కొనే టెండరులో ఈ ఒక్క షరతు రాయించండి. ఇవాళ రాయిస్తే ఒక వాక్యం. 2037లో గుర్తొస్తే ఊరూరా ఉన్న ప్రతి డబ్బానూ విప్పాలి.

మీరిదంతా చేశారనుకోండి. 2038 జనవరి 19 మంగళవారం పొద్దున ఎనిమిదీ నలభై నాలుగు దాటిపోతుంది, ఏమీ జరగదు, "ఆ పేపరులో రాసినాయన ఊరికే బెదరగొట్టాడు" అని మీరే అంటారు. అనిపించుకోవడానికి నేను సిద్ధమే.